మున్సిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరితే నిజంగా ఏమైనా మార్చగలమా?

గ్రూప్-4లో సెలెక్ట్ అయ్యారు, హైదరాబాద్‌లోనే మున్సిపల్ సర్కిల్ ఆఫీసు పోస్టింగ్ వచ్చేలా ఉంది. చుట్టాలేమో "అక్కడ నువ్వొక్కడివి ఏం పీకుతావ్, జీతం తీసుకో, గమ్మునుండు" అంటున్నారు. ఇదీ మీ ప్రశ్న. నేను అలాంటి కుర్చీలోనే చాలా ఏళ్ళు కూర్చున్నా. ఎక్కువ కాలం జనన మరణాల సెక్షన్, తర్వాత ప్రాపర్టీ టాక్స్, కొన్నాళ్ళు ఫిర్యాదుల డెస్క్.

చుట్టాల మాట సగం నిజమే. వరద కాలువల వెడల్పు, రోడ్డు టెండరు, బడ్జెట్, ఇవేవీ మీ దాకా రావు. మీ చేతిలో ఉండేది ఒక్కటే: కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి ఇదే పనికి ఇంకోసారి రావాలా, అక్కర్లేదా. రోజు కూలీ చేసుకునేవాడికి మన ఆఫీసుకు ఒక రాక అంటే ఆ రోజు కూలీ పోయినట్టే. అందుకని దీన్ని చిన్న విషయం అనుకోకండి.

బర్త్ సర్టిఫికెట్ సంగతే చూడండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో నమోదు కావాలి. ఆస్పత్రిలో కాన్పయితే వాళ్ళే రిపోర్టు పంపిస్తారు. అప్పటికి బిడ్డకు పేరు పెట్టి ఉండరు కాబట్టి పేరు గడి ఖాళీగా వస్తుంది. ఏడాదిలోపు ఉచితంగా పేరు ఎక్కించుకోవచ్చు, ఆ తర్వాతైతే ఫీజు కట్టి 15 ఏళ్ళ దాకా ఎక్కించుకోవచ్చు. ఈ ముక్క చాలామంది తల్లిదండ్రులకు తెలీదు, స్కూల్ అడ్మిషన్ల టైంలో ఉరుక్కుంటూ వస్తారు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకైతే స్కూలుకైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీ రుజువుగా ఈ కాగితమే చూపించాలి. కాబట్టి ఇందులో ఒక్క అక్షరం తప్పు పడినా ముందు ముందు ఏడుపే.

అక్షరాలతోనే అసలు గొడవ. మన ఊళ్ళో ఒకే మనిషి ఆధార్‌లో ఎండీ, రేషన్ కార్డులో మహ్మద్, ఆస్పత్రి రిపోర్టులో మొహమ్మద్. మనవాళ్ళేం తక్కువ కాదు: ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, తల్లి పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు ఒక కార్డులో, అత్తింటిది ఇంకో కార్డులో. ఆస్పత్రిలో ఆ ఫారం ఎలా నింపుతారో తెలుసు కదా, కాన్పు హడావుడిలో పక్కనున్న అత్తగారు ఏ పేరు చెప్తే ఆ పేరే.

నేను చేసిందల్లా, పేరు ఎంట్రీ కొట్టాక అప్రూవల్‌కి పంపేముందు మానిటర్‌ని వాళ్ళవైపు తిప్పి, ఆధార్ పక్కన పెట్టుకుని చూసుకోమనడం. ఒకసారి ఒక చాచా మనవడి పేరు ఎక్కించడానికి వచ్చాడు. ఇంగ్లీషు చదవడం రాదు. ఫోన్ తీసి పదో తరగతి చదివే మనవరాలికి కలిపాడు. ఆ పిల్ల అవతలి నుంచి ఒక్కో అక్షరం చెప్తుంటే, ఈయన స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇదేనా సాబ్, ఇదేనా" అని నన్ను అడుగుతూ వెళ్ళాడు. తండ్రి పేరులో ఒక ఇ ఎగిరిపోయి ఉంది. అప్పటికప్పుడు సరిచేశాం. అది అలాగే సర్టిఫికెట్‌లో పడి ఉంటే అదే చట్టం సెక్షన్ 15 కింద సవరణకు దరఖాస్తు, రుజువులు, మళ్ళీ తిరుగుడు. మా సూపరింటెండెంట్ గారు మాత్రం "లైన్ పెరుగుతోందయ్యా" అని గొణిగేవారు. మొదట్లో పెరిగింది కూడా. తర్వాత సవరణలకు వచ్చేవాళ్ళు తగ్గేసరికి ఆయనే పక్క కౌంటర్‌కీ అదే చేయమన్నారు.

పాత రికార్డుల దగ్గర ఇంకో తంటా. 2007లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌కి (ఎంసీహెచ్) చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చేశారు. అంతకుముందు ఉప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో పుట్టినవాళ్ళ వివరాలు అప్పటి చేతిరాత రిజిస్టర్లలో ఉంటాయి. ఏ బీరువాలో ఏ సంవత్సరం ఉందో కంప్యూటర్ చెప్పదు, అటెండర్ చెప్తాడు. ఆయన్ని పేరు పెట్టి అరిచి పిలవకండి, అన్నా అని పిలవండి, మీ పని సగం ఆయనే చేసిపెడతాడు. వెతక్కుండా "రికార్డు లేదు" అని రాసిచ్చారనుకోండి, నమోదే లేదన్న లెక్కలో ఆ మనిషి ఆర్డీఓ ఆఫీసు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వస్తుంది. ఒక్క రిజిస్టరు తిరగేయడానికి బద్ధకించి జనాన్ని అక్కడిదాకా తిప్పినవాళ్ళను నేను కళ్ళారా చూశా.

టాక్స్ సెక్షన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ 5 శాతం రాయితీ ఈ ఏడాది పన్నుకే, పాత బకాయికి కాదు అని ముందే చెప్పేస్తే కౌంటర్ దగ్గర సగం కొట్లాటలు ఉండవు.

ఫిర్యాదుల డెస్క్ పడితే మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. మ్యాన్‌హోల్ పొంగితే జలమండలి (మంచినీళ్ళు, డ్రైనేజీ చూసే బోర్డు), వాన నీళ్ళ కాలువైతే కార్పొరేషన్, కొమ్మ కరెంటు తీగ మీద పడితే విద్యుత్ సంస్థ. గల్లీలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డ ఆవిడకు ఈ తేడాలన్నీ ఎందుకు? కానీ చాలాచోట్ల జరిగేదేంటంటే, "మాది కాదు" అని రాసి ఫిర్యాదు మూసేస్తారు, పైవాళ్ళ రిపోర్టులో అది పూర్తయిన పని. నన్నడిగితే మన వ్యవస్థలో ఇంతకన్నా దరిద్రమైన అలవాటు లేదు. మూసే ముందు ఫోన్ చేయండి. "అమ్మా, ఇది జలమండలి వాళ్ళది, 155313కి చెప్పండి, టోకెన్ నంబర్ రాసుకోండి" అనండి. కుదిరితే అక్కడి మేనేజర్‌కు మీరే ఒక మాట వేయండి. సెల్‌లో ఆ మేనేజర్ నంబర్ ఉండటం మన ఉద్యోగంలో సగం బలం.

పైరవీలు ఉంటాయి. కార్పొరేటర్ మనిషి వస్తాడు, ముందు నాది చూడు అంటాడు. నేను గొడవ పడేవాణ్ణి కాదు, దరఖాస్తు వచ్చిన వరసలో వేసే ఇన్‌వార్డ్ నంబర్ వేసి ఇచ్చేవాణ్ణి. నంబర్ పడ్డాక ఎవరి ఫైల్ ఎవరి తర్వాతో అందరికీ కనిపిస్తుంది, వాళ్ళకే మొహమాటం. గేటు బయట జిరాక్స్ షాపుల దగ్గర బ్రోకర్లు బతికేది మాత్రం, ఏ పనికి ఏ కాగితాలు కావాలో జనానికి తెలియకపోవడం మీదే. ఆ లిస్టు తెలుగులో, ఉర్దూలో పెద్దక్షరాలతో రాయించి గోడకు అంటించాం, రెండో రోజుకే చింపేశారు. అప్పట్నుంచి కౌంటర్ అద్దానికి లోపలివైపు అంటించాం.

ఇక మీరు చేరిన రోజు సంగతి. ఛార్జ్ తీసుకునేటప్పుడు పెండింగ్ ఫైళ్ళ లిస్టు తేదీలతో సహా రాయించుకుని, ఇచ్చేవాళ్ళ సంతకం పెట్టించుకోండి. మొహమాటపడి వదిలేస్తే, మీరు రాకముందు మాయమైన ఫైలుకు కూడా మెమో మీకే వస్తుంది. డిపార్ట్‌మెంటల్ టెస్టులు ప్రొబేషన్‌లోనే రాసేయండి, తర్వాత ఎలక్షన్ డ్యూటీలు, సర్వేలు అంటూ చదివే తీరిక దొరకదు.