పేమెంట్ ప్రాసెసర్‌ని ఎంచుకునే ముందు ఫీజుల పట్టిక పక్కన పెట్టండి

వేర్వేరు దేశాల్లో కస్టమర్లున్న చిన్న ఆన్‌లైన్ వ్యాపారానికి పేమెంట్ ప్రాసెసర్‌ని, అంటే కస్టమర్ల కార్డుల నుంచి డబ్బు వసూలు చేసి మనకు చేర్చే సంస్థని, ఎలా బేరీజు వేయాలి, అందరికన్నా తక్కువ ఫీజు ఎవరిది అని అడిగారు. ఆ రెండో ప్రశ్న కాసేపు మర్చిపోండి. ఈ వ్యవహారంలో చిన్నవాళ్లను ముంచేది ఫీజు కాదు. సంపాదించిన డబ్బు సమయానికి చేతికి రాకే మునుగుతారు.

నేనూ నా పార్ట్‌నరూ వెబ్‌సైట్ డిజైన్ టెంప్లేట్లు అమ్ముతాం. కొన్నవాళ్లు డౌన్‌లోడ్ చేసుకుంటారు, అంతే. ఒకసారి పేరున్న డిజైనర్ ఒకరు తన న్యూస్‌లెటర్‌లో మా గురించి రెండు ముక్కలు రాశారు. ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగాయి. ఆ సంతోషం తీరకముందే డ్యాష్‌బోర్డ్ పైభాగాన పసుపు రంగు పట్టీ వచ్చింది: మీ పేఅవుట్లు (మీ బ్యాంకుకు పంపే డబ్బు) నిలిపివేశాం, అకౌంట్ పరిశీలనలో ఉంది. కారణం, అమ్మకాలు మామూలుకన్నా ఎక్కువగా ఉన్నాయట! అమ్మకాలు పెరగాలనే కదా ఎవరైనా వ్యాపారం పెట్టేది.

సరుకు ఎక్కడ కొన్నారో సప్లయర్ ఇన్‌వాయిస్ పంపమన్నారు. మేమే కూర్చుని తయారుచేసిన ఫైళ్లకు సప్లయర్ ఎవరుంటారు? అదే రాశాం. పొల్లు పోకుండా మళ్లీ అదే మెయిల్ వచ్చింది, కింద పేరు మాత్రం వేరు. ఫారంలో కొరియర్ ట్రాకింగ్ నంబర్ గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. డౌన్‌లోడ్ లాగ్‌లు, డిజైన్ల పాత వెర్షన్లు, కస్టమర్ల మెయిళ్లు అన్నీ కలిపి ఒక పీడీఎఫ్ చేసి పెడితే సైజు ఎక్కువైందని తిరగ్గొట్టింది. ఇంత జరుగుతున్నా కొత్త వసూళ్లు మాత్రం ఆపలేదు. కస్టమర్ల కార్డుల నుంచి డబ్బు పోతూనే ఉంది, మా బ్యాలెన్స్ అంకె పెరుగుతూనే ఉంది, మాకు మాత్రం పైసా రాదు. సర్వర్ బిల్లులు జేబులోంచి కట్టాం. చివరికి ఒక మనిషి ఫోన్ చేసి, కాసేపు మాట్లాడి, ఆ పట్టీ తీసేశారు. ఆ మనిషి మొదట్లోనే దొరికి ఉంటే ఇంత టెన్షన్ ఉండేదే కాదు.

అందుకే నేను ముందు చూసేది ఒక్కటే: అనుమానం వచ్చినప్పుడు వీళ్లు ఏం చేస్తారు? నిమిషాల్లో అకౌంట్ తెరిచే ప్రాసెసర్లు లోతైన తనిఖీని తర్వాతికి వాయిదా వేస్తాయి. అమ్మకాలు ఊపందుకున్నాకే మీ వైపు చూస్తాయి. వాళ్ల భయానికీ కారణం ఉంది. వీసా కార్డుల నిబంధనల్లో కస్టమర్ తన చెల్లింపు మీద లేవనెత్తే చాలా రకాల వివాదాలకు 120 రోజుల దాకా గడువుంటుంది. ఈలోగా మీరు దుకాణం కట్టేస్తే చార్జ్‌బ్యాక్‌లన్నీ, అంటే కస్టమర్లు తమ బ్యాంకు ద్వారా వెనక్కి రాబట్టుకునే చెల్లింపులన్నీ, వాళ్ల నెత్తిన పడతాయి. ఆ భయంతోనే కొందరి అమ్మకాల్లో 5 నుంచి 10 శాతం రిజర్వ్‌గా పట్టి, దాదాపు ఆరు నెలలు ఉంచుకుంటారు. ఉంచుకోవచ్చు, కాదనను. కానీ ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు అనేది అకౌంట్ తెరిచేటప్పుడే చెప్పాలి కదా!

ఈ విషయాలు పోలిక వ్యాసాల్లో కనబడవు. పదిమంది ప్రాసెసర్లను వరసపెట్టి నక్షత్రాలు వేసే వ్యాసాల్లో చాలావాటికి చివర్లో ఒక లింక్ ఉంటుంది, మీరు దాని మీద చేరితే రాసినవాళ్లకు కమిషన్. డబ్బు ఆగిపోయిన వ్యాపారి కథ అక్కడ ఎందుకు వస్తుంది?

ఫీజు లెక్కే కావాలంటే కరెన్సీ మార్పిడి చూడండి. కస్టమర్ యూరోల్లో కట్టాడు, ప్రాసెసర్ డాలర్లలోకి మార్చింది, మీ బ్యాంకు మళ్లీ మీ కరెన్సీలోకి మార్చింది. ఒక్కో మార్పిడికి 2 శాతం అనుకుంటే వెయ్యి యూరోల్లో దాదాపు 40 గాల్లో కలిసిపోయినట్టే. ఫీజు 2.9 శాతమా 3.2 శాతమా అని మనం కొట్టుకునే తేడా 3 యూరోలు. వచ్చిన కరెన్సీని వచ్చినట్టే ఉంచుకోనిస్తారా అన్నది ముందు అడగండి.

అలాగని బ్యాలెన్స్‌ను అక్కడే పేర్చిపెట్టకండి. జర్మనీలో వైర్‌కార్డ్ అనే పేమెంట్ ప్రాసెసర్ 2020 జూన్‌లో కుప్పకూలింది, లెక్కల్లో చూపించిన 190 కోట్ల యూరోలు అసలు లేవని తేలింది. బ్రిటన్‌లో దాని అనుబంధ సంస్థ కార్యకలాపాలను అక్కడి నియంత్రణ సంస్థ స్తంభింపజేస్తే, దాని మీద నడిచే యాప్‌లు వాడేవాళ్లు కొన్ని రోజులు సొంత డబ్బు తీసుకోలేకపోయారు. రోజూ వీలుకాకపోతే వారానికోసారైనా బ్యాంకుకు పంపేసుకోండి.

నెలవారీ చందాలు వసూలు చేసేవాళ్లయితే, మీరు వెళ్లిపోయేటప్పుడు దాచిన కార్డు వివరాలను కొత్త ప్రాసెసర్‌కు బదిలీ చేస్తారా అని రాతపూర్వకంగా తీసుకోండి. లేదంటే ప్రతి కస్టమర్‌నూ మళ్లీ కార్డు నంబర్ కొట్టమని బతిమాలుకోవాలి. చాలామంది ఆ మెయిల్ తెరిచి కూడా చూడరు.

అకౌంట్ తెరవకముందే ఒక మెయిల్ పెట్టి చూడండి: "వచ్చే నెల మా అమ్మకాలు ఐదింతలు కావచ్చు, ముందుగా ఏ కాగితాలు ఇవ్వాలి?" మీ ప్రశ్న చదివి మనిషి రాసిన జవాబు వస్తే సగం పరీక్ష నెగ్గినట్టే. సహాయ పేజీ లింక్ ఒకటి వస్తే, వాళ్ల ఫీజు ఎంత తక్కువైనా నేనైతే చేరను.

ఇప్పుడు మేం వాడేది ఫీజు కాస్త ఎక్కువున్నదే. రెండోది కూడా తెరిచి, ప్రతి నెలా కొన్ని ఆర్డర్లు దాని మీదుగా పంపిస్తుంటాం. ఊరికే పడున్న అకౌంట్‌లోకి ఉన్నట్టుండి అమ్మకాలు వచ్చిపడితే అక్కడా అనుమానిస్తారు మరి.