పాత బండే కదా అని అనవద్దు తల్లీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆగి ఉన్న నీ కారును వెనక నుంచి వచ్చిన బండి గుద్దిందనీ, నీకు దెబ్బలేమీ తగలలేదనీ, బీమా వ్యవహారమంతా ఒక్కదానివే చూసుకుంటానన్నావనీ మీ అమ్మ నిన్న చెప్పింది. విని గర్వపడ్డాను, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. నీది మీ అమ్మ స్వభావం. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని నీకు న్యాయంగా రావలసినదాన్ని కూడా గట్టిగా అడగవు. పైగా అది 13 ఏళ్ల కారు, మీ నాన్నగారు నడిపిన కారు. పాత కారు క్లెయిములో మనిషి ఎక్కడ నష్టపోతాడో అనుభవించి తెలుసుకున్నవాణ్ని కనుక ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

కంపెనీకి వెంటనే తెలియజేయడం, పోలీసులకు చెప్పవలసి ఉంటే చెప్పడం, అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయడం, ఎదుటి డ్రైవరు పాలసీ వివరాలు రాసుకోవడం, నష్టాన్ని అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే సర్వేయరు చూసేదాకా ఏ భాగమూ విప్పించకపోవడం నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం పూర్తిగా చెప్పాలి. అప్పుడు నా కారుకు 14 ఏళ్లు. ప్రమాదానికి ఏడాది ముందే ఇంజను మొత్తం విప్పించి పని చేయించాను, క్లచ్ మార్పించాను, నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను. సర్వేయరు గ్యారేజీకి వచ్చాడు, మర్యాదస్తుడు, బండి చుట్టూ తిరుగుతూ "ఎలా నడిచేదండీ?" అని మామూలుగా అడిగాడు. మన వస్తువును మనమే పొగుడుకుంటే బాగుండదన్న సంకోచంతో "పాత బండే కదండీ, ఏదో అలా నడిచేది" అన్నాను. పని చేయించిన రసీదులన్నీ రబ్బరు బ్యాండు చుట్టి డ్యాష్‌బోర్డు అరలోనే ఉన్నాయి. చెయ్యి చాపితే అందేవి. తీసి చూపించాలని తోచలేదు. రిపోర్టులో బండి స్థితి దగ్గర "సాధారణం" అని రాసుకున్నాడు. అతని తప్పేమీ లేదు, నేను చెప్పిందే రాశాడు.

నాలుగు రోజులకు ఫోను వచ్చింది. మరమ్మతు గిట్టుబాటు కాదనీ, టోటల్ లాస్ కింద ఇంత ఇస్తామనీ, ఆ రోజే సంతకం చేస్తే డబ్బు త్వరగా వస్తుందనీ చెప్పారు. వెళ్లి "పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరిస్తున్నాను" అని ఉన్న వోచరు మీద సంతకం పెట్టాను. సాయంత్రం మీ నాన్నగారు వచ్చి, "ఏ లెక్కన ఇంత అన్నారు బావగారూ?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆయనే నన్ను వెంటబెట్టుకుని బండి ఉంచిన యార్డుకు తీసుకువెళ్లారు. ఎండకు రబ్బరు బ్యాండు కరిగి పై రసీదుకు అంటుకుపోయింది. ఆ కట్టను తీసుకుని ఆఫీసుకు వెళితే అక్కడి ఉద్యోగి ఓపికగా అన్నీ చూసి, వోచరు తీసి, నా సంతకం కింద వేలు పెట్టి చూపించాడు. ఇద్దరం మాట్లాడకుండా వచ్చేశాం.

అందుకే చెబుతున్నాను, ఫోనులో దేనికీ ఒప్పుకోవద్దు. "ఏ లెక్కన ఇంత వచ్చిందో రాతపూర్వకంగా పంపండి, సర్వే రిపోర్టు నకలు కూడా ఇవ్వండి" అని అడుగు. అలా అడగడం అమర్యాద కాదమ్మా, ఎన్నిసార్లయినా అడుగు.

సాధారణంగా వాళ్లు ఇచ్చేది కొత్త కారు ధర కాదు, మనకున్న మమకారానికి వెల కూడా కాదు. ప్రమాదానికి ముందు క్షణంలో ఆ బండికి బజారులో ఉన్న విలువ. కొన్ని పాలసీలలో ఆ విలువ ముందుగానే రాసి ఉంటుంది కనుక మొదట ఆ పేజీ చదువు. లేనిపక్షంలో అదే మోడలు, అదే సంవత్సరం, ఇంచుమించు అన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్ల అమ్మకపు ప్రకటనలు ఐదారు, తేదీ కనిపించేలా దాచుకో. అమ్ముడైన మరుక్షణం అవి మాయమవుతాయి. అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు అని వాళ్లు కొంత తగ్గిస్తారు, అది సబబే. పాత గీతలూ సొట్టలూ ఉంటే దాచవద్దు. ఒక్క అబద్ధం బయటపడితే నిజమైన క్లెయిము కూడా పోవచ్చు.

మరమ్మతు ఖర్చు బండి విలువలో ఒక హద్దు దాటితే టోటల్ లాస్ అంటారు. కొన్నిచోట్ల ఆ హద్దు 75 శాతం. విలువ 100 అనుకుంటే మరమ్మతు 80 అయినప్పుడు ఆ మాట వస్తుంది. అప్పుడు కూడా బండిని నీ దగ్గరే ఉంచుకోవచ్చునేమో అడుగు. తుక్కు విలువ 25 అంటే 75 నీకిస్తారు, మినహాయింపులుంటే అవీ పోతాయి. అయితే ఆ బండికి మళ్లీ రిజిస్ట్రేషను, బీమా దొరుకుతాయో లేదో ముందే కనుక్కో. యార్డులో రోజువారీ అద్దె పడుతుంటే అదెవరు కడతారో కూడా రాయించుకో.

నీ సొంత పాలసీ మీద క్లెయిము చేస్తే కొంత మొత్తం నువ్వు భరించాలి, క్లెయిము చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పోవచ్చు. ఎదుటివాళ్ల కంపెనీని అడిగితే, వాళ్లకు నీతో ఒప్పందమేమీ లేదని గుర్తుంచుకో. ఏ దారైనా, వాళ్ల జవాబు అన్యాయమనిపిస్తే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయి. చాలా దేశాల్లో ఆ పైన ఇలాంటి ఫిర్యాదులు విని పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్ ఉంటారు.

నా అసలు భయం ఇంకొకటి. వెనక నుంచి తగిలిన దెబ్బ బంపరుతో ఆగదు. డిక్కీ మూత వేసి రెండు వైపులా సందు చూడు. ఒక వైపు వేలు దూరి మరో వైపు దూరకపోతే లోపల రేకు వంగి ఉండవచ్చు. డిక్కీలోని చాప ఎత్తి నేల ముడత పడిందేమో చూడు. మొదటి అంచనా పైకి కనిపించేదానికే వేస్తారు కనుక, బంపరు విప్పాక సర్వేయరును మళ్లీ పిలిపించి, బయటపడినవన్నీ చేర్పించు. అంతవరకు ఆ కారు నడపవద్దు. నా మాట విను.

ఇది అందగానే గ్యారేజీకి వెళ్లి డ్యాష్‌బోర్డు అర తెరువు. మీ నాన్నగారు ఆయిలు మార్పించిన ప్రతి తేదీ, అప్పటి కిలోమీటర్లతో సహా, ఒక చిన్న పుస్తకంలో రాసేవారు. ఆ బండిని ఎంత బాగా చూసుకున్నారో చెప్పే సాక్ష్యం అది. సర్వేయరు ఎదుట ఒక్కొక్క పేజీ తెరిచి చూపించు. నకళ్లు మాత్రమే ఇవ్వు, పుస్తకం ఎవరికీ ఇవ్వవద్దు. కారు ఉన్నా పోయినా అది నీ దగ్గరే ఉండాలి.

ఇట్లు,
మామయ్య