పక్క కొట్టులో మంట ఆర్పాను, ఇప్పుడు నష్టం నేనే కట్టాలట!

ప్రశ్న: తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో అద్దె గదిలో రెడీమేడ్ బట్టల కొట్టు నడుపుతున్నాను. కొట్టు పైనే కాపురం. పోయిన నెల పక్క స్వీట్ స్టాల్‌లో బాణలిలో నూనె అంటుకుంది. మా కొట్టులో ఉన్న, మంటలార్పే 4 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ తీసుకెళ్లి నేనే కొట్టాను. మంట ఆరింది. కానీ పొడి పడి మిఠాయిలు, పిండి, నెయ్యి అన్నీ పాడయ్యాయని, 60 వేలు ఇవ్వకపోతే పోలీసు కేసు పెడతానని ఆయన బెదిరిస్తున్నాడు. మా సిలిండర్ సర్వీసు గడువు దాటి ఏడు నెలలైంది. అది చూపించి "పాత సరుకు కొట్టి నా వ్యాపారం నాశనం చేశావు" అంటున్నాడు. ఇదిలా ఉంటే, ప్రతి కొట్టులో రెండు సిలిండర్లు తప్పనిసరి, లేకపోతే జరిమానా అంటూ ఒకతను వచ్చి తన దగ్గరే కొనమంటున్నాడు. బిల్డింగ్ ఓనరేమో "ఆ ఖర్చు మీదే" అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండి. మీరు రాసినట్టే జరిగి ఉంటే ఆ 60 వేలు మీరు కట్టాల్సిన పని లేదు. పోలీసు కేసు కూడా నిలబడేది కాదు.

ఇలాంటి పరిస్థితి గురించి చట్టంలో చాలా కాలంగా స్పష్టంగానే ఉంది. పాత శిక్షాస్మృతిలో 81వ సెక్షన్‌గా ఉన్నదే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 19వ సెక్షన్ అయింది. కీడు చేయాలన్న ఉద్దేశం లేకుండా, మనుషులకో ఆస్తికో రాబోయే మరో కీడును ఆపడానికి సదుద్దేశంతో చేసిన పని, దానివల్ల కొంత నష్టం జరుగుతుందని తెలిసి చేసినా, నేరం కాదు. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ కూడా మీకు పనికొచ్చేదే: పెద్ద అగ్నిప్రమాదంలో మంటలు పాకకుండా ఒకడు ఇళ్లు కూలగొడతాడు, ప్రాణాలూ ఆస్తీ కాపాడాలనే చేశాడు కాబట్టి అది నేరం కాదు. ఇళ్లు కూలగొట్టినవాడినే వదిలేసిన చట్టం, మైసూర్‌పాక్ మీద పొడి చల్లినవాడిని పట్టుకుంటుందా?

ఒక్క మెలిక ఉంది. సదుద్దేశం అంటే చట్టం దృష్టిలో మంచి మనసు ఒక్కటే చాలదు, తగిన జాగ్రత్త కూడా ఉండాలి. మంట ఆరిన తర్వాత కూడా అల్మారాల మీద కొడుతూ పోయి ఉంటే ఆయనకు కొంచెం మాట దొరికేది. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. ఆ వీధిలో సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ చెరిగిపోకముందే కాపీ తీసుకోండి. ఆ రోజు అక్కడున్న ఇద్దరు ముగ్గురి పేర్లు రాసి పెట్టుకోండి.

సిలిండర్‌కు ఉన్న గడువు దాటిన సర్వీసు ట్యాగ్ గురించి ఆయన చేస్తున్న గొడవలో పస లేదు. కొత్త సిలిండర్ కొట్టినా అదే పొడి, అంతే పొడి ఆయన మిఠాయిల మీద పడేది. ఆయన నష్టానికీ మీ సర్వీసు గడువుకీ సంబంధం లేదు. (ఆ ట్యాగ్ వల్ల ఇబ్బంది వస్తే మీకే వస్తుంది, ఆ సంగతి కింద రాస్తాను.)

ఇక ఆయన వైపు చూద్దాం. గ్యాస్ పొయ్యి మీద రోజంతా నూనె కాగే చోట ఆర్పే సాధనం ఒక్కటీ లేదంటే ప్రశ్నలు ఎదుర్కోవాల్సింది ఆయనే. నిప్పు విషయంలో మనుషుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా ఉంటే న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఆ రోజు ఎవరికైనా ప్రాణం పోయి ఉంటే 106వ సెక్షన్ వర్తించేది, దానికి ఐదేళ్ల దాకా శిక్ష. ఇరుగుపొరుగు మీద కేసులు పెట్టమని నేను చెప్పను. కానీ ఆయన లాయరు నోటీసు పంపిస్తే జవాబులో ఇవన్నీ ఉండాలి, నోటీసును మాత్రం పట్టించుకోకుండా వదిలేయకండి.

ఆయన నష్టానికి సరైన దారి ఆయన ఫైర్ ఇన్సూరెన్స్. మంట ఆర్పే క్రమంలో నీళ్లతోనో పొడితోనో పాడైన సరుకు కూడా అగ్నిప్రమాదం వల్ల జరిగిన నష్టం కిందికే వస్తుంది. పాలసీ ఉంటే క్లెయిమ్ వేసుకోమని నెమ్మదిగా చెప్పి చూడండి. పాలసీ లేని కోపమే మీ మీద చూపిస్తున్నాడేమోనని నా అనుమానం. నిజానికి లెక్క ప్రకారం పోతే రీఫిల్ ఖర్చు మీరే ఆయన్ని అడగొచ్చేమో! కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ అలాంటి సందర్భాల కోసమే ఉంది, ఉచితంగా చేసిన సాయం మాత్రం దాని కిందికి రాదు. మీరు అడగకపోవడమే మర్యాద.

మీ మంచికే ఒక మాట. కాగిన నూనె మంటకు ఏబీసీ పౌడర్ అంత సరైనది కాదు. మంట ఆరినట్టే ఉంటుంది గానీ నూనె వేడి తగ్గదు, మళ్లీ భగ్గుమనొచ్చు. దగ్గర నుంచి కొడితే ఆ ధాటికి నూనె చిమ్ముతుంది. వంటనూనె మంటలను 'ఎఫ్' రకం అంటారు, వాటికి వెట్ కెమికల్ సిలిండర్ వేరే ఉంది. అది లేకపోతే గ్యాస్ కట్టేసి బాణలి మీద మూత పెట్టాలి, నీళ్లు మాత్రం చస్తే పోయకూడదు. బట్టల కొట్టుకు ఏబీసీ పౌడర్ సరిపోతుంది. బిల్లింగ్ కంప్యూటర్, మెయిన్ బోర్డు దగ్గరకు చిన్న సీవోటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు) సిలిండర్ ఉంటే పొడి పడి సామాను పాడయ్యే గొడవ ఉండదు.

అమ్ముకోవడానికి వచ్చిన మనిషి చెప్పినదాంట్లో సగమే నిజం. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం, 1999 ప్రకారం అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ప్రధానంగా పెద్ద భవనాలకు కావాలి. వ్యాపార భవనమైతే 15 మీటర్ల ఎత్తు, నివాస భవనమైతే 18 మీటర్లు దాటినవి. స్కూళ్లు, కల్యాణ మండపాలు, సినిమా హాళ్లలాంటి జనం గుమిగూడే చోట్లకు 500 చదరపు మీటర్ల స్థలం, లేదా 6 మీటర్ల ఎత్తు దాటినా కావాలి. మీ ఒంటి గది కొట్టు వాటిలోకి రాదు. అలాగని మీకు బాధ్యతే లేదని కాదు. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం అగ్నిప్రమాద జాగ్రత్తలు కొట్టు నడిపేవారి మీదే పెట్టింది. నగరపాలక సంస్థ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సులో షరతులేమున్నాయో ఒకసారి తీసి చదవండి. కానీ ఫలానా వ్యాపారి దగ్గరే కొనాలని ఏ చట్టమూ చెప్పదు. జరిమానా అని బెదిరిస్తే గుర్తింపు కార్డు, రాతపూర్వక నోటీసు అడగండి. సరుకు కొనేటప్పుడు ఐఎస్ 15683 నంబరుతో ఐఎస్ఐ ముద్ర ఉందా, గేజ్ ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందా చూసుకోండి, బిల్లు అడిగి తీసుకోండి. రీఫిల్ చేశామని చెప్పి ఖాళీది తగిలించి పోయినవాళ్ల మీద తిరుపతిలోనే ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. రెండేళ్లలోగా వేయాలి. వ్యాపారానికి కొన్నది కదా అని అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునే చిన్న కొట్టుకు చట్టంలో మినహాయింపు ఉంది.

ఓనరు మాట చాలావరకు సబబే. కొట్టులో గోడకు తగిలించే సిలిండర్ మీ ఖర్చే. మెట్లు, బిల్డింగ్ మొత్తానికి ఉన్న వైరింగ్ సంగతి అగ్రిమెంట్‌ను బట్టి ఉంటుంది. రిపేర్లు ఓనరు బాధ్యతేనని అందులో ఉండి, చెప్పినా ఆయన చేయించకపోతే, మీరే చేయించి అద్దెలో మినహాయించుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇస్తోంది. అదే సెక్షన్‌లో ఇంకోటి ఉంది: అద్దె గది కాలిపోతే లీజు రద్దు చేసుకునే హక్కు కిరాయిదారుకు ఉంటుంది, కానీ ఆ మంట కిరాయిదారు తప్పు వల్లే వచ్చినదైతే ఉండదు. అగ్రిమెంట్ రెన్యువల్‌లో ఈ విషయం ఒక లైనుగా రాయించుకోండి.

ఇప్పుడు ఆ ఏడు నెలల సంగతి. నన్ను అడిగితే మీ ఉత్తరం మొత్తంలో నిజంగా కంగారు పడాల్సింది దీనికే. రేపు మీ కొట్టులోనే మంట లేస్తే, నష్టం లెక్కగట్టడానికి వచ్చే ఇన్సూరెన్స్ సర్వేయరు ముందు చూసేది ఆ ట్యాగే. పాలసీలో సిలిండర్లు సరైన స్థితిలో ఉంచుతామని షరతు ఉంటే, లేదా పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో అలా రాసిచ్చి ఉంటే, క్లెయిమ్ కోసేయడానికి కంపెనీకి సాకు దొరికినట్టే. ఆ కోత అన్యాయమైతే పోరాడొచ్చు. సొంత పేరు మీద నడిపే కొట్లు, సూక్ష్మ సంస్థలు ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి కూడా పోవచ్చు. కానీ 500 రూపాయల సర్వీసుతో పోయేదానికి అంత దూరం ఎందుకు? పౌడర్ సిలిండర్‌కు ఏటా సర్వీసు, మూడేళ్లకోసారి ప్రెషర్ టెస్టు చేయించి బిల్లులు దాచండి. ట్యాగ్ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి, ఫోన్ కాలిపోయినా దొరికేలా ఇంకెవరికైనా పంపి పెట్టండి.

పైన కాపురం ఉంటున్నారు కాబట్టి ఇంకో సిలిండర్ ఇంట్లో మెట్ల దగ్గర, బయటికి పోయే దారి వైపు పెట్టుకోండి. కొట్టు పాలసీలో ఇంటి సామాను ఉండదు. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ వేరే తీసుకోవాలి. మంట కొంచెం ఎక్కువనిపిస్తే సిలిండర్ జోలికి పోకుండా పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

మొన్న వాడిన సిలిండర్‌లో ఇంకా పొడి మిగిలి ఉందని మళ్లీ గోడకు తగిలించారేమో చూడండి. ఒకసారి నొక్కితే ప్రెషర్ మెల్లగా దిగిపోతుంది, రెండోసారికి పని చేస్తుందన్న నమ్మకం లేదు. దాన్ని రీఫిల్‌కు ఇచ్చి, ఆ బిల్లు మీద తేదీ సరిగ్గా వేయించుకోండి. పక్క కొట్టాయన నోటీసు పంపితే ఆ బిల్లు కూడా నా దగ్గరికి తీసుకురండి.