నక్షత్రం ఆరకపోయినా రాసిపెట్టు

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. చిన్న గ్రహం నక్షత్రానికి అడ్డం వచ్చి కొన్ని సెకన్లు దాన్ని ఆర్పేసే రాత్రి ఎనిమిదంగుళాల టెలిస్కోపు ఎత్తుకుని ఓర్వకల్లు రాళ్ల దిక్కు పోతావని మీ అమ్మ చెప్పింది. వద్దబ్బా. పదకొండో మాగ్నిట్యూడ్ (వెలుగు లెక్క, అంకె పెరిగేకొద్దీ మసక) నక్షత్రమే కదా, మీ కర్నూలు మిద్దె మీదినుంచే కెమెరాకు దొరుకుతుంది. బయటికి పోతే బ్యాటరీ, కేబుల్, కుక్కలు, ఏదో ఒకటి ముంచుతుంది. కాకపోతే పగలంతా కాగిన మిద్దె రాత్రికి సెగ కక్కుతుంది, నక్షత్రం ఉడుకుతున్నట్టు ఆడుతుంది. పొద్దుగూకగానే నాలుగు బిందెల నీళ్లు చల్లు. రికార్డింగు నడిచేటప్పుడు మిద్దె మీద ఎవరినీ తిరగనీయొద్దు, బొమ్మ ఊగుతుంది.

తారీఖు రెండుసార్లు చూసుకో. లెక్కలన్నీ యూటీలో, అంటే గ్రీన్‌విచ్ టైములో ఉంటాయి, మనం అయిదున్నర గంటలు ముందు. 12వ తేదీ 20:10 అని ఉంటే మనకు 13 తెల్లవారుజాము 1:40.

ఇక అసలు సంగతి. చానా ఏళ్ల కిందట గుత్తి దగ్గర చేన్లో మూడు గంటలు చలికి వణికి, నక్షత్రం ఆరలేదని రాసి పంపించినా. వారం తర్వాత మ్యాపు పక్కన పెట్టుకుని వీడియో చూస్తే, నేను చూసింది పక్క నక్షత్రం! టెలిస్కోపు వెనక బిగించే అడ్డం అద్దం కుడిని ఎడమ చేస్తుందని నాకు తెలియక కాదు, ఆ రాత్రి గుర్తు రాలేదంతే. ‘ఆరలేదు’ అన్నది కూడా పనికొచ్చే సాక్ష్యమే. నక్షత్రం వెలుగుకు ఆ గ్రహం నీడ భూమి మీద పడుతుంది కదా, ఆ నీడ అంచు యాడ ఆగిందో దాన్నిబట్టే తేలుతుంది. అందుకే అబద్ధపు ‘ఆరలేదు’ ఏమీ పంపకపోవడం కన్నా చేటు. నువ్వు అరగంట ముందే చుట్టూ ఉన్న నాలుగైదు చుక్కల ఆకారం మ్యాపుతో సరిపోల్చి, అదే అని ఖాయం చేసుకో.

నక్షత్రం అంత దూరాన ఉంది కాబట్టి దాని వెలుగు సమాంతరంగా వస్తుంది. గ్రహం ఎంతుంటే నీడా అంతే. శని, యురేనస్ కక్ష్యల మధ్య తిరిగే చారిక్లో అనే చిన్న గ్రహం వెడల్పు సుమారు 250 కిలోమీటర్లు. అంత దూరపు వాటి నీడ సెకనుకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తుతుంది. కడప నుంచి అనంతపురానికి బస్సులో పూటంతా పడితే, నీడకు ఆరు సెకన్లు. గడియారం ఒక్క సెకను తప్పితే నీ కొలత ఇరవై కిలోమీటర్లు పక్కకు పోయినట్టే. ల్యాప్‌టాప్ గడియారాన్ని నమ్మొద్దు, జీపీఎస్ టైము పెట్టు.

నీడ మీ ఊరి మీదే పడుతుందని గ్యారంటీ ఏమీ లేదు. భూమికి సూర్యుడున్న దూరానికి పదిహేను రెట్ల అవతల ఉన్నదాని స్థానంలో ఆర్క్‌సెకనులో (డిగ్రీలో 3600వ వంతు) పదో వంతు తప్పొచ్చినా, ఇక్కడ వెయ్యి కిలోమీటర్ల తేడా. అనంతపురంలో పడాల్సింది భోపాల్‌లో పడుతుంది.

చెప్పిన టైముకు పది నిమిషాల ముందే రికార్డింగు మొదలుపెట్టు, పది నిమిషాల తర్వాతే ఆపు. 2013 జూన్ 3న దక్షిణ అమెరికాలో చారిక్లో నక్షత్రాన్ని మూసినప్పుడు, అసలు మరుగుకు ముందొకసారి, వెనకొకసారి వెలుగు చిటికెలో తగ్గి లేచింది. అవి వలయాలు! ఒకటి సుమారు 7 కిలోమీటర్ల వెడల్పు, రెండోది 3. చిలీలో సెకనుకు పది దాకా బొమ్మలు తీస్తున్న 1.54 మీటర్ల డేనిష్ టెలిస్కోపు రెండింటినీ విడదీసి చూపింది. 1977లో యురేనస్ వలయాలు దొరికిందీ ఇట్లే. బొమ్మ తెల్లగా రావాలని ఎక్స్‌పోజరు రెండు సెకన్లకు పెంచితే అట్లాంటివన్నీ మింగేస్తుంది. రొంత మసకగా ఉన్నా పర్వాలేదు, వేగంగా తియ్యి.

నేనూ ఆ రాత్రి మా మిద్దె మీదే ఉంటా. అనంతపురానికీ కర్నూలుకూ ఉత్తర దక్షిణాల్లో నూట ఇరవై కిలోమీటర్ల పైనే ఎడముంది. నీడ తూర్పు పడమరలుగా పోతే ఇద్దరి మీదా వేరువేరు గీతల్లో దాటుతుంది. నక్షత్రం నీకు ఎనిమిది సెకన్లు, నాకు నాలుగే ఆరితే నేను అంచుకు దగ్గరున్నట్టు. తెల్లారి ఫోన్లో టైములు మాత్రం చెప్పొద్దు. ముందు కాగితం మీద రాసి ఫోటో పంపు, నేనూ పంపుతా. ఒకరిది విని ఇంకొకరు సర్దుకున్నామన్న మాట రాకూడదు.

మీ అత్త కజ్జికాయలు చేసి బస్సుకు ఇచ్చి పంపుతానంటోంది. రాత్రి మేలుకోవడానికి పనికొస్తాయి.

మీ మామ
అనంతపురం