నోవహు ఓడ, రెండు రంగుల పెన్సిళ్లు

ప్రశ్న: బైబిల్లోని నోవహు జలప్రళయ కథను ఇద్దరు రాశారని పండితులు ఎలా చెబుతారు? హీబ్రూ రాకపోయినా మనం పరీక్షించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: నిక్షేపంగా! తెలుగు బైబిలు, రెండు రంగుల పెన్సిళ్లు చాలు. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండములో 6:5 నుంచి 9:17 దాకా చదువుతూ 'యెహోవా' అన్నచోట ఎర్రగా, 'దేవుడు' అన్నచోట నీలంగా గీయండి. ఆ తర్వాత లెక్కలు చూడండి. నీలం భాగంలో (6:19) ప్రతి జాతికీ రెండే. ఎరుపులో (7:2) పవిత్ర జంతువులైతే పోతులు ఏడు, పెంటులు ఏడు. ఓడ దిగాక నోవహు బలి ఇచ్చేదీ ఎరుపులోనే (8:20). జాతికి రెండే ఉన్న కథలో ఆ బలి జరిగి ఉంటే గొర్రెల జాతి అక్కడితో సరి! పేరు, లెక్క, కథ నడక మూడూ ఒకేవైపు చూపడమే అసలు బలం.

పేచీ 7:8-9లో వస్తుంది. పవిత్రం, అపవిత్రం అనే తేడా ఎరుపుది. 'దేవుడు' అన్న మాట నీలానిది. అక్కడ రెండూ కలిసే ఉన్నాయి. 7:16లోనైతే రెండు పేర్లూ ఒకే వచనంలో ఉన్నాయి. రెండు కథల్నీ కలిపి కుట్టినవాడి చెయ్యి ఇది అని కొందరు, రచయిత ఒక్కడే అనడానికి ఇదే రుజువని మరికొందరు. అందుకే పేరొక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఈ పేర్ల తేడాతో ఆదికాండాన్ని విడదీసి 1753లో పుస్తకం వేసింది జాన్ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు. ఎవరి రాత ఏదో వెతికిన ఆ పుస్తకం మీద రచయిత పేరు లేదు!

ప్రశ్న: బైబిల్లో పౌలు పేరుతో ఉన్న పత్రికల్లో (ఉత్తరాల్లో) ఏవి నిజంగా ఆయనవో కంప్యూటరు తేల్చేసిందట, నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తేల్చలేదు. 1960లలో స్కాట్లాండు పాదిరి ఎ.క్యూ. మోర్టన్ కంప్యూటరు సాయంతో, పత్రికల మూల భాష గ్రీకులో 'కై', అంటే 'మరియు', ఎన్నిసార్లు వస్తుందో, వాక్యాల పొడవెంతో లెక్కగట్టి, పెద్ద పత్రికల్లో నాలుగే పౌలువన్నారు: రోమా, రెండు కొరింథీ, గలతీ. అమెరికా పాదిరి జాన్ ఎలిసన్ అదే కొలతను జేమ్స్ జాయిస్ 'యులిసిస్' నవలకు పెడితే ఐదుగురు రచయితలు బయటపడ్డారు. మోర్టన్ సొంత రాతలకు పెట్టినా రచయిత ఒక్కడేనని తేలలేదు!

ఎందుకిలా? పాత గ్రీకు ప్రతుల్లో విరామ చిహ్నాలు దాదాపు ఉండవు. వాక్యం ఎక్కడ ఆగాలో తర్వాతి సంపాదకులు తేల్చిందే. ఫిలేమోను పత్రిక 25 వచనాలే. అంత చిన్నదాంట్లో నాలుగు 'కై'లు అటూ ఇటూ అయితే శాతమే మారిపోతుంది. పైగా రోమా పత్రికను చేత్తో రాసింది తెర్తియు అని 16:22లోనే ఉంది. పౌలు చెబుతుంటే రాసేటప్పుడు ఎన్ని 'కై'లు తెర్తియు కలిపాడో ఎవరు విడదీయగలరు?

ఈ లెక్క మాత్రం తెలుగు బైబిల్లో వేయకండి. అక్కడ దొరికేది అనువాదకుల అలవాటే.