చిన్న ఊరి థాయ్ భోజనశాలకు పెద్దలను తీసుకువెళ్లే ముందు

నల్లకుంట, హైదరాబాదు

చిరంజీవి కార్తీక్‌కు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీకు థాయ్‌లాండ్‌లోని లోయ్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి బదిలీ అయిందనీ, వచ్చే నెలలో మీ అత్తగారూ మామగారూ అక్కడికి వస్తున్నారనీ, వారిని మీ వీధి చివర ఒక కుటుంబం నడుపుతున్న భోజనశాలకు తీసుకువెళ్లాలని నీకూ సుజాతకూ కోరికగా ఉందనీ మీ అమ్మ చెప్పింది. మీ పెద్దనాన్నగారి ఉద్యోగం వల్ల ఆ దేశంలోనే ఖొన్ కేన్ అనే ఊళ్లో ఉన్న సంవత్సరాల్లో మేము అటువంటి చోట్ల ఎన్నో పూటలు తిన్నాము కనుక, నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను. తీరిక చూసుకుని సుజాతతో కలిసి చదువు.

అన్నిటికన్నా ముందు ఒక విషయం మనసులో పెట్టుకో. అటువంటి భోజనశాలలో వంట చేసేది సాధారణంగా ఒకే మనిషి. ఇంటావిడో, ఆవిడ తల్లో పొయ్యి దగ్గర నిలబడి, ఒకటి రెండు బాణళ్లతో, ఒక వంటకం దింపాక మరొకటి వండుతుంది. భర్త కూరలు తరుగుతాడు, బడి నుంచి వచ్చిన పిల్లలు కంచాలు అందిస్తారు, ఆ కుటుంబం చాలాసార్లు ఆ గది వెనకనో పైనో కాపురముంటుంది. మీరు ఏ వేళకు వెళ్లాలి, ఎన్ని వంటకాలు చెప్పాలి, మీ నియమాలను ఎలా తెలపాలి అన్న ప్రతి ప్రశ్నకూ ఆ ఒక్క పొయ్యినీ ఆ ఒక్క మనిషినీ దృష్టిలో పెట్టుకుంటే నీకే సమాధానం దొరుకుతుంది.

అందువల్ల మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి వెళ్లకు. అది ఆఫీసుల వాళ్లూ బడి పంతుళ్లూ వచ్చి తినిపోయే వేళ. అప్పుడు నలుగురు పెద్దవాళ్లతో వెళ్లి అది వద్దు, ఇది వెయ్యవద్దు అని చెబితే ఆవిడ వినే స్థితిలో ఉండదు. పదకొండు గంటలకు వెళ్తే కూరలు తాజాగా ఉంటాయి, మాట్లాడటానికి తీరిక ఉంటుంది. రాత్రి భోజనానికైతే ఆరింటికల్లా చేరుకోవాలి. హైదరాబాదులో మనం రాత్రి పదింటికి కూడా హోటలు తలుపు తట్టగలం కానీ, అక్కడి పల్లెటూళ్లలో తెచ్చుకున్న సరుకు అయిపోగానే పొయ్యి ఆర్పేస్తారు. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు జరిగే సొంగ్‌క్రాన్ పండుగ రోజుల్లో చాలా చిన్న భోజనశాలలు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో వెళ్లాలని అనుకోవద్దు.

మీ అత్తగారు జూబ్లీహిల్స్‌లో ఎక్కడో థాయ్ భోజనం చేశారనీ, కొబ్బరిపాలు పోసిన ఆకుపచ్చ కూర ఆవిడకు నచ్చిందనీ సుజాత చెప్పింది. ఆవిడను ముందే సిద్ధం చెయ్యి. అది మధ్య థాయ్‌లాండ్ వంట. మీరున్నది ఈసాన్ అని పిలిచే ఈశాన్య ప్రాంతం. అక్కడి వంటలో కొబ్బరిపాల వాడకం చాలా తక్కువ. పచ్చి బొప్పాయి కోరును రోట్లో దంచి చేసే సోమ్ తమ్, నిప్పుల మీద కాల్చిన కోడి, వేయించి పొడి చేసిన బియ్యమూ నిమ్మరసమూ కలిపిన మాంసపు లాబ్, వెదురుబుట్టలో వచ్చే జిగురన్నం, పక్కన పచ్చి కూరగాయలూ ఆకులూ, ఇదీ అక్కడి అసలు భోజనం. పులుపు, కారం, ఉప్పు మూడూ ముందుకు వస్తాయి, చింతపండూ పచ్చిమిరపా మనవే కనుక మన నోటికి అది కొత్తగా అనిపించదు. వంటావిడ బాగా వండగలిగినదాన్నే అడగండి. బొమ్మల పట్టికలో ఎక్కడో మూల ఉన్న నూడుల్స్ కోసం పట్టుబట్టవద్దు. పక్క బల్లల మీద ఏముందో ఒకసారి చూస్తే ఆ ఇంటి ప్రత్యేకత ఏమిటో తెలిసిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. నువ్వూ సుజాతా కోడీ చేపా తింటారు, మీకు ఇబ్బంది లేదు. మీ అత్తగారూ మామగారూ గుడ్డు కూడా ముట్టరు, పైగా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి తినరు. థాయ్ వంటలో మాంసం ముక్క కనబడకపోయినంత మాత్రాన అది శాకాహారం కాదు. ఉప్పు స్థానంలో వాడేది చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన నాం ప్లా అనే రసం. కూరగాయల వేపుడులో ఆల్చిప్పల సాసు వేస్తారు. కూరల కోసం నూరిపెట్టుకునే ముద్దలో కపి అనే రొయ్యల ముద్ద ముందే కలిసి ఉంటుంది, దాన్ని తరువాత ఎవరూ తీయలేరు. కాబట్టి వాళ్లిద్దరికీ కొబ్బరిపాల కూరగానీ మరే ముద్ద కూరగానీ చెప్పనే వద్దు. సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలూ నాం ప్లా ఉంటాయి, ఈసాన్ పద్ధతిలో చేస్తే ప్లా రా అనే పులియబెట్టిన చేప కూడా పడుతుంది. చారుకు ఎముకలు మరిగించిన నీళ్లు వాడతారు.

దీనికి మార్గం ఉంది. శాకాహారం అన్న అర్థంలో మంగ్‌సవిరత్ అని చెబితే చాలామంది గుడ్డు వేయవచ్చనే అనుకుంటారు. వాళ్లిద్దరికీ సరిపడేది జే. జే అంటే చైనా సంప్రదాయం నుంచి వచ్చిన నిష్ఠగల ఆహారం: మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి వంటి ఘాటు దుంపలు కూడా ఉండవు. ‘కిన్ జే’ అని చెబితే మారుమూల పల్లెలోని వంటావిడకు కూడా ఏ నియమమో అర్థమవుతుంది, గౌరవిస్తుంది కూడా. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు దేశంలో ఎందరో ఈ నియమం పాటిస్తారు. అది తరచుగా మన దేవీ నవరాత్రులతో కలిసి వస్తుంది, 2024లో రెండూ అక్టోబరు 3న మొదలయ్యాయి. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పు, ఆవిడకు ఆ ఊరు పరాయిగా అనిపించదు. ఆ రోజుల్లో భోజనశాలల ముందు పసుపు జెండాల మీద ఎర్రటి అక్షరాలు కనబడతాయి, అక్కడ నిశ్చింతగా తినవచ్చు.

మిగతా రోజుల్లో మాత్రం నువ్వు ముందుగా ఒక్కడివే వెళ్లి వంటావిడతో మాట్లాడి రావాలి. నీ సహోద్యోగి చేత థాయ్ లిపిలో ఒక చీటీ రాయించుకో: ఇద్దరు జే తింటారు, నాం ప్లా, ఆల్చిప్పల సాసు, రొయ్యలు, ప్లా రా, గుడ్డు, వెల్లుల్లి వద్దు, ఉప్పుతో గానీ సోయా సాసుతో గానీ చేస్తే చాలు. ఏవి వద్దో చెప్పి ఊరుకోకుండా ఏవి సరిపోతాయో కూడా చెప్పడం అవసరం, ఎందుకంటే ఒంటి చేతి మీద వండే మనిషికి అదే పెద్ద సాయం. తూటికూరను ఎక్కువ మంట మీద క్షణంలో వేయించే ఫక్ బుంగ్ అడుగు. మన పల్లెల్లో చెరువుగట్ల మీద పెరిగే ఆకే అది, అక్కడ ఇష్టంగా తింటారు. సోయా గింజల పన్నీరు వేయించి ఇమ్మని అడుగు. సోమ్ తమ్‌ను ఉప్పు, నిమ్మరసం, తాటిబెల్లం, వేరుశనగలతో దంచి ఇమ్మనవచ్చు, అయితే రోలు అంతకుముందు ప్లా రాతో తడిసి ఉంటుంది కనుక కడిగి దంచమని వినయంగా అడగాలి. బాణలి విషయమూ అంతే. అయినా అదే వంటగదిలో మాంసమూ వండుతారు. ఈ మాట మీ అత్తగారికి హైదరాబాదులోనే చెప్పి, ఆవిడకు సమ్మతమైతేనే తీసుకువెళ్లు. సమ్మతం కాకపోతే ఆవిడకు పండ్లూ కొబ్బరినీళ్లూ చెప్పి, ఇంట్లో అన్నం పెట్టడం మంచిది. అక్కడ కూర్చోబెట్టాక బలవంతం చేయవద్దు. మామిడిపండ్ల కాలమైతే కొబ్బరిపాలు కలిపిన జిగురన్నంతో మామిడిపండు దొరుకుతుంది, దాన్ని ఆవిడ తప్పకుండా రుచి చూడాలి.

మీ ఇద్దరికీ రెండు జాగ్రత్తలు. ఈసాన్‌లో లాబ్‌ను గొడ్డుమాంసంతో కూడా చేస్తారు. వద్దనుకుంటే ‘మై కిన్ నువా వువా’ అని ముందే చెప్పాలి. రెండోది ఆరోగ్యానికి సంబంధించినది. ఆ ప్రాంతంలో నదుల, చెరువుల చేపలను పచ్చిగా కలిపి తినే అలవాటు ఉంది. ఆ చేపల ద్వారా కాలేయంలో చేరే ఒక పరాన్నజీవి వల్ల పిత్తనాళపు క్యాన్సరు రావచ్చు, ప్రపంచంలో ఆ వ్యాధి అతి ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఈసాన్ ఒకటి. ఎవరు ఎంత ప్రేమగా పెట్టినా పచ్చి చేప, పచ్చి మాంసం నోట్లో పెట్టుకోవద్దు. ‘సుక్’ అంటే ఉడికినది. ఆ మాట గట్టిగా గుర్తుపెట్టుకో.

కారం గురించి మన వాళ్లందరికీ ధైర్యం ఎక్కువ. అయితే మనం తినే కారంలో చాలా భాగం ఎండుమిరప, అదీ నూనెలో వేగినది. అక్కడ వేలెడైనా లేని మిరపకాయలను పచ్చిగా దంచి వేస్తారు. సోమ్ తమ్ చెప్పేటప్పుడు ఎన్ని మిరపకాయలు వేయాలో చెప్పడం అక్కడి పద్ధతి కనుక, పెద్దవాళ్లకు ఒక్కటి చాలని చెప్పు. నూడుల్స్ తింటే బల్ల మీద చక్కెర, ఎండుమిరప పొడి, మిరప ముక్కలు వేసిన వెనిగరు, నాం ప్లా గిన్నెలు ఉంటాయి, ఎవరి రుచికి వారు కలుపుకోవచ్చు.

కప్రావ్ వేపుడు గురించి ఒక మాట. అందులో వేసేది మన తులసే. మీ అత్తగారు కోట ముందు దీపం పెట్టే మనిషి. మాంసంలో తులసి వేశారని బల్ల దగ్గర హఠాత్తుగా తెలిస్తే నొచ్చుకుంటారు. ఆవిడ ఎదుట ఆ పూటకు మీరు అది చెప్పుకోకండి.

నలుగురికి మూడు నాలుగు వంటకాలు చాలు, అన్నీ బల్ల మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకుంటారు. మీ పెద్దలవి మాత్రం వాళ్ల వైపు విడిగా పెట్టించి, వాటిలోకి వేరే గరిటె వెళ్లకుండా చూడు. వంటకాలు ఒకేసారి రావు, ఏది దిగితే అది వస్తుంది. వచ్చినదాన్ని వేడిగా తినడమే మర్యాద. ఎవరూ అన్నీ ఒకేసారి గుట్టగా వడ్డించుకోకూడదు, ఒక చెంచా చొప్పున తీసుకోవాలి. మామూలు అన్నాన్ని కుడిచేతి చెంచాతో తింటారు, ఎడమచేతి ఫోర్కు చెంచాలోకి నెట్టడానికే, నోట్లో పెట్టుకోరు. జిగురన్నాన్ని మాత్రం చేత్తోనే చిన్న ఉండగా చేసి అద్దుకుని తింటారు, అది చూసి మీ మామగారు సంతోషిస్తారు. బుట్ట మూత వెంటనే పెట్టేయాలి, లేకపోతే అన్నం గట్టిపడుతుంది.

ఆ ఇంటి పిల్లలు మీ దగ్గరకు వస్తారు. మన పెద్దలకు పిల్లల తల మీద చేయి వేసి ఆశీర్వదించడం అలవాటు, అక్కడ తలను తాకడం అమర్యాద. మీ అత్తగారికి ముందే చెప్పు, నవ్వి నమస్కారం పెడితే అంతకన్నా ఏమీ అక్కరలేదు. చాప మీద కూర్చుంటే కాళ్లు మడుచుకోవాలి, అరికాళ్లు ఎవరి వైపూ చాపకూడదు. గోడ మీద రాజుగారి చిత్రపటం ఉంటే దాని గురించి ఏ వ్యాఖ్యా చేయవద్దు, అది చట్టరీత్యా కూడా తీవ్రమైన విషయం. వడ్డించే మనిషిని చప్పట్లతోగానీ ‘హలో’ అనిగానీ పిలవవద్దు. నీకన్నా కాస్త పెద్దవారైతే పీ, మీ అమ్మ వయసువారైతే పా అని పిలిచి, మాట చివర నువ్వు ఖ్రప్, సుజాత ఖా అనాలి. వంటకంలో ఏదైనా పొరపాటు జరిగితే గొంతు పెంచకుండా లేచి వెళ్లి వంటావిడకు మెల్లగా చెప్పు.

డబ్బు విషయంలో చిన్న నోట్లు దగ్గర పెట్టుకో, 1,000 భాట్ల నోటుకు చిల్లర దొరకడం కష్టం. బేరం ఆడకూడదు. పైడబ్బు ఇవ్వడం తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే చాలు. మిగిలినవి కట్టి ఇమ్మంటే ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు పట్టీ బిగించి ఇస్తారు.

మీ అత్తగారు ఆవకాయ సీసా వెంట తెస్తారని నాకు తెలుసు. దాన్ని బల్ల మీద తెరిచే ముందు వంటావిడ అనుమతి అడుగు, ఆవిడకు కూడా ఒక చెంచాడు రుచి చూపించు. సుజాతకు నా ఆశీస్సులు. చీటీ రాయించాక దాని ఫోటో నాకు పంపు, ఏమైనా మరిచిపోయి ఉంటే చెబుతాను.

ఇట్లు,
పెద్దమ్మ