గదిలో గది: మాన్యువల్ రాస్తున్న తమ్మునికి

హన్మకొండ

తమ్మీ,

గదుల విస్తీర్ణం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మాన్యువల్ కోసం నువ్వు పంపిన అధ్యాయం చదివిన. ఫ్లోర్ ప్లాన్‌ను, అంటే గదుల డ్రాయింగును, సాఫ్ట్‌వేర్‌లకు ఎక్కించే (ఇంపోర్ట్ చేసే) మెట్లన్నీ వరుసగా ఉన్నయి, బటన్ల పేర్లు సరిగనే ఉన్నయి. కానీ గదిలో గది దగ్గరికొచ్చేసరికి "లోపలి గదిని సెలెక్ట్ చేసి, బయటి గదిని పేరెంట్‌గా (దాన్ని తనల పెట్టుకున్న గదిగా) ఎంచుకోండి" అని ఒక్క వాక్యంతోటి దాటేసినవు. చదివేటాయన చిక్కుకునేది సరిగ్గా అక్కడనే.

ఖిలా వరంగల్‌ల మట్టికోట లోపల రాతికోట ఉన్నది. మట్టికోట విస్తీర్ణం ఎంత అంటే, రాతికోటను కలిపి చెప్పాల్నా, తీసేసి చెప్పాల్నా? రెండూ సరైన జవాబులే. ఏది కావాల్నో ముందు తేలాలె. నీ అధ్యాయం ఆ ప్రశ్నతోటి మొదలుకావాలె, బటన్లతోటి కాదు.

నీ పాఠకుడు దవాఖానల మెయింటెనెన్స్ చూసే సూపర్‌వైజర్ అనుకో. వార్డు 1,200 చదరపు అడుగులు, దాని నడుమ 150 చదరపు అడుగుల నర్సుల స్టేషన్. డ్రాయింగుల రెండూ మూసిన పాలీలైన్లే, అంటే మొదలు చివర కలిసిన గీతలే. సాఫ్ట్‌వేర్ దేన్ని దాన్నే విడిగా కొలిస్తే మొత్తం 1,350 వస్తది. ఉన్న నేల 1,200 మాత్రమే. ఊడ్చే కాంట్రాక్టు చదరపు అడుగు లెక్కన ఇచ్చిండ్రంటే ఆ 150కి రెండుసార్లు పైసలు పోతయి. ఈ లెక్క రాయి. ఇది చూసినంక ఆయన ఒక్క మెట్టు కూడా వదలకుండ చదువుతడు.

లోపలి గదిని కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటంతటవే తీసేస్తయి, కొన్నింటికి మనమే చూపియ్యాలె. కంపెనీ మాట మీద రాయకు. పది మీటర్ల చదరం గీసి, నడుమ నాలుగు మీటర్ల చదరం పెట్టి ఇంపోర్ట్ చెయ్యి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే గదుల విస్తీర్ణం జాబితాల 84, 16 చదరపు మీటర్లు వస్తే లోపలిదాన్ని తీసేసినట్టు. 100, 16 వస్తే తియ్యనట్టు. అంకెలు కోట్లల్ల వస్తే సాఫ్ట్‌వేర్ మిల్లీమీటర్లను మీటర్లనుకున్నది; యూనిట్లు దిద్దు. విస్తీర్ణం పదిలక్షల రెట్లు పెరుగుతది మరి.

మూలకు గోడలానించి కట్టిన బాత్రూంను మాత్రం ఇందుల కలపకు. దానికి పేరెంట్ గీరెంట్ అక్కర లేదు, బయటి గది గీతనే ఎల్ ఆకారంల తిప్పితే చాలు. నాలుగు దిక్కులా బయటి గదే ఉన్నప్పుడే ఈ తంటా అంతా.

గది నెంబర్ల సంగతి నువ్వు అసలే ఎత్తలేదు. వార్డు నెంబరును డ్రాయింగ్ గీసినాయన అందంగా నడిమిట్ల పెడతడు, అది పోయి నర్సుల స్టేషన్ గీత లోపల పడ్తది. అప్పుడు ఆ నెంబరు స్టేషన్‌కు అంటుకోవచ్చు, వార్డు పేరు లేకుండ మిగలొచ్చు. ఇంపోర్ట్‌కు ముందే నెంబరును వార్డు ఖాళీ నేల మీదికి జరపమని రాయి, పక్కన బొమ్మ పెట్టు.

బయటి గదిని డిలీట్ చేస్తే లోపలిది ఉంటదా, అదీ పోతదా? అదే చిన్న డ్రాయింగ్ మీద చూసి, వచ్చిన ఫలితాన్ని కలిపి మళ్లా రాసి పంపు.

నీ అక్క